బీప్ కొడుతోందంటే సిస్టమ్ బతికే ఉంది తమ్ముడూ, అప్పుడే బోర్డు కొనకు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మల్కాజిగిరిలో నాన్నగారి జిరాక్స్, డీటీపీ షాపు. శ్రావణంలో బంధువుల పెళ్లికని ఊరెళ్లి వారం రోజులు మూసేశారు. ఆ వారమంతా ఇక్కడ ముసురు. వచ్చి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ నల్లగానే ఉంది, లోపల్నుంచి ఆగి ఆగి పొడుగ్గా బీప్ వస్తోంది. దగ్గర్లోని సర్వీసు షాపు నుంచి వచ్చినతను రెండు నిమిషాలు చూసి "మదర్‌బోర్డు పోయింది, ఈ మోడల్ ఇప్పుడు రాదు, కొత్త సిస్టమ్ తీసుకోండి" అన్నాడు. నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, రెండు 4 జీబీ ర్యామ్‌లు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. పదేళ్ల పెళ్లికార్డుల డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయని నాన్నగారు రాత్రి నిద్రపోలేదని కూడా రాశావు.

నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ముందు నాన్నగారి దగ్గరికెళ్లి ఈ ఒక్క మాట చెప్పు: ఈ బీప్‌కీ హార్డ్ డిస్క్‌కీ సంబంధం లేదు. ఈ బీప్ వచ్చే సమయానికి కంప్యూటర్ ఇంకా హార్డ్ డిస్క్ దాకా వెళ్లనే లేదు. డిస్క్‌లో ఏముందో ఎవరూ చదవలేదు, ఎవరూ చెరపలేదు. డిజైన్లు ఉన్నచోటే ఉంటాయి. ఒకవేళ బోర్డు నిజంగానే పోయినా ఆ డిస్క్ తీసి ఇంకో సిస్టమ్‌కి తగిలించి కాపీ చేసుకోవచ్చు.

ఇక బోర్డు పోయిందన్న మాట గురించి. అసలు ఆ బీప్ కొట్టేది ఎవరు? ఇది అర్థమైతే మిగతాదంతా నీకే తెలిసిపోతుంది. బటన్ నొక్కగానే ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని బోర్డుకి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా, తన ఓల్టేజీలు నిలకడగా ఉన్నాయో లేదో చూసుకుని బోర్డుకి 'పవర్ గుడ్' అనే సిగ్నల్ ఇస్తుంది. అది అందాకే ప్రాసెసర్ లేస్తుంది. లేచి బయోస్ (కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) చిప్‌లో ఉన్న మొదటి ఆదేశం చదువుతుంది. అప్పటికి ర్యామ్, అంటే అసలు మెమరీ, సిద్ధంగా ఉండదు కాబట్టి తన లోపలి క్యాష్ అనే చిన్న నిల్వనే కాసేపు మెమరీగా వాడుకుంటూ ర్యామ్‌ని పలకరిస్తుంది. ర్యామ్ బదులిస్తేనే తర్వాతి పనులు: డిస్‌ప్లే, కీబోర్డు, చివర్లో హార్డ్ డిస్క్. ఈ తనిఖీని పోస్ట్ అంటారు. ర్యామ్ దగ్గరే ఆగిపోతే స్క్రీన్ మీద ఏదైనా రాసి చెప్పడానికి స్క్రీనే ఇంకా రాలేదు. మిగిలింది చిన్న బజర్ ఒక్కటే. అందుకే బీప్.

అంటే బీప్ వినిపించిందంటే కరెంటు అందుతోంది, ప్రాసెసర్ లేచింది, బయోస్ చిప్ చదవగలుగుతోంది, బోర్డులో ముఖ్యమైన దారులు పని చేస్తున్నాయి. బోర్డు పూర్తిగా పోతే సాధారణంగా బీప్ కూడా రాదు. ఫ్యాన్ తిరుగుతూ కిమ్మనకుండా ఉన్న సిస్టమ్‌ని చూస్తే నాకు టెన్షన్. బీప్ కొట్టే సిస్టమ్ వస్తే ఇప్పటికీ నాకు సంతోషంగానే ఉంటుంది, ఎందుకంటే నొప్పి ఎక్కడుందో అదే చెబుతోంది.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోనే ఉంది. అన్నీ బాగుంటే ఒక చిన్న బీప్, డిస్‌ప్లే దగ్గర తేడా ఉంటే ఒక పొడుగు రెండు చిన్నవి. తర్వాత ఏఎంఐ, అవార్డ్, ఫీనిక్స్ లాంటి బయోస్ కంపెనీలు ఎవరి లెక్క వాళ్లు పెట్టుకున్నారు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఒక పట్టిక చూసి తీర్పు చెప్పేస్తారు. ఒక పొడుగు, రెండు చిన్న బీపులు వచ్చాయనుకో. గిగాబైట్ కంపెనీ బోర్డుల అవార్డ్ బయోస్ లెక్కలో అది మానిటర్ లేదా గ్రాఫిక్స్ కార్డు సమస్య. అదే శబ్దం ఆసుస్ కంపెనీ బోర్డులో వస్తే ర్యామ్ కనబడట్లేదని అర్థం. ఆసుస్‌లో గ్రాఫిక్స్‌కైతే ఒక పొడుగు, మూడు చిన్నవి. ఒకే కూత, రెండు అర్థాలు. అందుకని ముందు బోర్డు మీద పేరు, మోడల్ చదువు. ప్రాసెసర్‌కీ కింది స్లాట్లకీ మధ్య పెద్ద అక్షరాల్లో ముద్రించి ఉంటుంది. ఆ మోడల్ మాన్యువల్ కంపెనీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అందులో ఉన్న లెక్కే నీకు ప్రమాణం. ఫోన్‌లో ఒక అర నిమిషం బీప్ రికార్డు చేసుకో. హడావిడిలో చెవితో లెక్కపెడితే పొడుగేదో చిన్నదేదో కలిసిపోతాయి, రికార్డింగ్ అయితే నిదానంగా నాలుగుసార్లు వినొచ్చు.

ఇంకో చిన్న విషయం. బీప్ సీపీయూ డబ్బాలోంచే వస్తోందా, కింద ఉన్న యూపీఎస్ నుంచా? నవ్వకు, ఇది నిజంగా జరుగుతుంది. వారం రోజులు మూసి ఉన్న షాపులో యూపీఎస్ బ్యాటరీ దిగిపోయి అదీ కూస్తుంది. ఒకసారి యూపీఎస్ పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టి చూడు.

నువ్వు రాసినట్టు ఆగి ఆగి పొడుగు బీప్, వారం ముసురు, వాడకుండా మూసిపెట్టిన షాపు, ఈ మూడూ కలిస్తే నా మొదటి అనుమానం ర్యామ్ కాంటాక్టుల మీదే. వాన చెమ్మ, టోనర్ పొడి, రోడ్డు దుమ్ము కలిసి ర్యామ్ పిన్నుల మీద కంటికి కనబడని పొరలా కూర్చుంటాయి. రోజూ వాడే సిస్టమ్ లోపల వెచ్చగా ఉంటుంది కాబట్టి చెమ్మ నిలవదు. వారం ఆపేస్తే నిలుస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా మా బల్ల మీదకి ఇలాంటివే ఎక్కువ వస్తాయి.

సరే, పని మొదలుపెడదాం. గోడ దగ్గర స్విచ్ ఆపి, పవర్ కేబుల్ పూర్తిగా పీకేయి. తర్వాత పవర్ బటన్‌ని పదిహేను సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. డబ్బాని పడుకోబెట్టి, ఎడమవైపు డోర్ తీయి. ర్యామ్ ముట్టుకునే ముందు డబ్బాలో పెయింటు లేని ఇనుము భాగాన్ని ఒకసారి పట్టుకో, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది. దుమ్ము నోటితో ఊదకు, తుంపర్లు పడతాయి. మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో దులుపు. బ్లోయర్ వాడితే ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకో, గిరగిరా తిరగనీయకు. ఏదైనా కదిపే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకో, ఏ వైరు ఎక్కడ ఉందో తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

ర్యామ్ రెండు చివర్లా ఉన్న క్లిప్పుల్ని బయటికి నెట్టు, ర్యామ్ దానంతటదే పైకి లేస్తుంది. కొన్ని బోర్డుల్లో ఒకవైపే క్లిప్ కదులుతుంది, కదలని దాన్ని బలవంతం చేయకు. అంచులు పట్టుకునే తీయి, కింద బంగారు రంగు పిన్నుల మీద వేలు పెట్టకు. ఇప్పుడు దాన్ని ట్యూబ్‌లైటు కిందకి తెచ్చి కాస్త వంచి చూడు. శుభ్రంగా ఉంటే పిన్నులన్నీ ఒకే మెరుపుతో ఉంటాయి. చెమ్మ తిన్నవాటి మీద అక్కడక్కడా పాలిపోయిన మచ్చలు, గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. బడిపిల్లలు వాడే తెల్లటి మెత్తటి పెన్సిల్ రబ్బరు తీసుకుని పిన్నుల మీద పై నుంచి కిందికి నెమ్మదిగా రుద్దు. ఇంకు చెరిపే గరుకు రబ్బరు వద్దే వద్దు, అది బంగారు పూతని గీకేస్తుంది. నాలుగైదుసార్లు రుద్దగానే రబ్బరు మీద బూడిదరంగు మరక పడుతుంది. ఆ మరకే నీ సిస్టమ్‌ని ఆపి ఉంటుంది. రెండు వైపులా చేసి, రబ్బరు పొడి మొత్తం బ్రష్‌తో దులిపేయి. ఈ పని బోర్డుకి దూరంగా, వేరే టేబుల్ మీద చేయి, పొడి స్లాట్‌లో పడితే మళ్లీ అదో తలనొప్పి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది, దూది చుట్టిన పుల్లతో చివర్లో ఒకసారి తుడిస్తే ఇంకా మంచిది. శానిటైజర్ వాడకు, అందులో జిగురు, నీళ్లు ఉంటాయి.

స్లాట్ లోపల కూడా చూడు. టార్చ్ వేసి ఒక చివర నుంచి ఇంకో చివరకి చూస్తే పిన్నులన్నీ వరుసగా నిలబడి ఉండాలి. ఒక దసరా తర్వాత నా దగ్గరికి వచ్చిన డబ్బాలో, పైన గాలి కోసం ఉన్న జాలీలోంచి ఆయుధపూజ కుంకుమ, నాలుగు అక్షింతలు లోపలికి జారి ఉన్నాయి. ఒక గింజ సరిగ్గా ర్యామ్ స్లాట్‌లో పడి, దాని మీదే ర్యామ్ నొక్కేసరికి ఒకవైపు వెంట్రుకవాసి పైకి లేచింది. సిస్టమ్ మూడు రోజులు బీప్ కొట్టింది. పట్టుకారుతో ఆ గింజ తీసి, బ్రష్ కొట్టి, ర్యామ్ మళ్లీ పెడితే ఒక్కసారికే ఆన్ అయింది. అప్పటినుంచి నేను పూజకి డబ్బా ముందువైపు బొట్టు పెట్టమనే చెబుతున్నాను.

తిరిగి పెట్టేటప్పుడే అసలు పొరపాటు జరుగుతుంది. ర్యామ్ కింద ఒక గాటు ఉంటుంది, స్లాట్‌లో దానికి సరిపోయే చిన్న గట్టు ఉంటుంది. రెండూ కలిశాక రెండు చివర్లా బొటనవేళ్లతో సమానంగా, నిటారుగా నొక్కు. క్లిప్పులు వాటంతటవే మూసుకుని 'టక్' మనాలి. సగం దిగిన ర్యామ్‌తో స్విచ్ వేస్తే ర్యామ్, స్లాట్ రెండూ కాలిపోవచ్చు, అందుకని ఈ ఒక్కచోట తొందరపడకు.

రెండు ర్యామ్‌లు ఒకేసారి పెట్టేయకు. ఒకటే పెట్టి ఆన్ చేయి. మొదటి ర్యామ్ మొదటి స్లాట్‌లో, అదే రెండో స్లాట్‌లో, తర్వాత రెండో ర్యామ్‌తో అలాగే. మొత్తం నాలుగు ప్రయత్నాలు. ప్రతిసారీ కేబుల్ పీకి, బటన్ నొక్కి పట్టుకుని, తర్వాతే మార్చాలి. ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్లు. ఒక ర్యామ్ రెండు స్లాట్లలోనూ బీప్ కొట్టి, ఇంకోటి రెండింట్లోనూ పని చేస్తే పోయింది ఆ ర్యామ్. రెండు ర్యామ్‌లూ ఒక స్లాట్‌లో పని చేసి రెండోదాంట్లో బీప్ కొడితే తేడా స్లాట్‌ది. అప్పుడు కూడా బోర్డు మార్చనక్కర్లేదు, మంచి స్లాట్‌లో ఒకే 8 జీబీ పెట్టుకుని హాయిగా నడుపుకోవచ్చు.

నాలుగుసార్లూ బీపే వస్తే ఇప్పుడొక పరీక్ష ఉంది. రెండు ర్యామ్‌లూ తీసేసి, ఖాళీ స్లాట్లతో ఆన్ చేయి. బీప్ అలాగే వస్తే, బోర్డుకి ర్యామ్ కావాలని అడిగే శక్తి ఉందన్నమాట. అప్పుడు తెలిసినవాళ్ల దగ్గర పనిచేస్తున్న డీడీఆర్3 (నీ బోర్డుకి పట్టే రకం) ర్యామ్ ఒకటి తెచ్చి పెట్టి చూడు. ఆ మంచి ర్యామ్‌తోనూ, రెండు స్లాట్లలోనూ ఇదే బీప్ అయితేనే బోర్డునో, ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్నునో అనుమానించాలి. ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్ నీ ప్రాసెసర్ లోపలే ఉంటుంది కాబట్టి, సాకెట్‌లో ఒక్క పిన్ను సరిగ్గా తాకకపోయినా ర్యామ్ కనబడదు. ప్రాసెసర్ మీద ఫ్యాన్‌తో ఉండే కూలర్ ఒక మూల వదులైనా కొన్నిసార్లు ఇలాగే అవుతుంది. నాలుగు మూలల్లో నల్లటి పుష్‌పిన్నులు బిగుతుగా ఉన్నాయో లేదో వేలితో కదిపి చూడు. సాకెట్ విప్పి చూడాల్సి వస్తే మాత్రం నువ్వు చేయకు, చేయి తిరిగినవాళ్లకి ఇవ్వు.

మంచి ర్యామ్ తేవడానికి ముందే ఇంకో చిన్న పని చేసి చూడొచ్చు. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఉంటుంది, సీఆర్2032, 3 ఓల్టులది. పవర్ కేబుల్ తీసి, సెల్లు తీసి, ఐదు నిమిషాలు ఆగి పెట్టు. బయోస్‌లో ఏవైనా సెట్టింగులు చెడి ఉంటే మొదటికి వస్తాయి. పదేళ్ల సిస్టమ్ అంటున్నావు, ఆ సెల్లు ఎలాగూ కొత్తది వేయడం మంచిది. ఒక జాగ్రత్త: ఇలా చేశాక సిస్టమ్ ఆన్ అయి "బూట్ డివైజ్ లేదు" అని వస్తే కంగారుపడి విండోస్ మళ్లీ వేయించకు. సెట్టింగులు మొదటికి వచ్చినప్పుడు లెగసీ, యూఈఎఫ్‌ఐ అనే బూట్ పద్ధతి గానీ, డిస్క్‌తో మాట్లాడే పద్ధతైన సాటా మోడ్ గానీ మారిపోయి ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి పాత పద్ధతికి మారిస్తే చాలు. ఇది తెలియక ఫార్మాట్ కొట్టించుకుని డేటా పోగొట్టుకున్నవాళ్లని చూశాను. నాన్నగారి ఫైళ్లకి ఈ మొత్తం వ్యవహారంలో నిజమైన ప్రమాదం ఉంటే అది ఇక్కడే.

ఎస్‌ఎంపీఎస్ మీద నాకు అనుమానం తక్కువ, కానీ మల్టీమీటర్ ఉంటే చూడు. పసుపు వైరులో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 ఓల్టులు రావాలి, 5 శాతం అటూ ఇటూ ఫరవాలేదు. అంటే పసుపులో 11.4 కంటే తగ్గితే మార్చాల్సిందే. ప్రాసెసర్ పక్కన గుండ్రటి కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయో, ఉబ్బాయో కూడా చూడు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకు. 230 ఓల్టుల కరెంటు లోపల డీసీగా మారితే 320 దాటుతుంది, ప్లగ్ తీశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో కొంతసేపు నిలిచి ఉంటుంది. ఇంకో మాట, డబ్బా ముట్టుకుంటే ఎప్పుడైనా వేళ్లకి జివ్వుమంటోందా? అలా ఉంటే షాపులో ఎర్తింగ్ లేదు. పాత అద్దె మడిగెల్లో ఇది చాలా మామూలు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ముందు అది చేయించు, మనుషులకీ మంచిది, మెషీన్లకీ మంచిది.

ర్యామ్ కొనాల్సి వస్తే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి రా, సీటీసీ అంటే ఎవరైనా చూపిస్తారు. పాత ర్యామ్ పట్టుకునే రా. నీకు కావాల్సింది డెస్క్‌టాప్ డీడీఆర్3, వేగం 1333 లేదా 1600. 1.35 ఓల్టుల డీడీఆర్3ఎల్ కూడా నీ ప్రాసెసర్‌కి పని చేస్తుంది. డీడీఆర్4 పట్టదు, గాటు వేరేచోట ఉంటుంది. మరీ చవగ్గా 4 జీబీ డీడీఆర్3 ఇస్తామంటే 'ఇది ఇంటెల్ బోర్డులో నడుస్తుందా' అని అడిగి తీసుకో. ఏఎండీ అనే ఇంకో ప్రాసెసర్ కంపెనీ బోర్డుల్లో మాత్రమే నడిచే ర్యామ్‌లు కొన్ని మార్కెట్లో తిరుగుతున్నాయి, అవి నీ దాంట్లో పెడితే మళ్లీ ఇదే బీప్. కుదిరితే సీపీయూ డబ్బా కూడా ఆటోలో వేసుకుని రా. కౌంటర్ మీదే పెట్టి, డిస్‌ప్లే వచ్చాకే డబ్బులివ్వు. అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

సిస్టమ్ ఆన్ అయ్యాక పని అయిపోయిందనుకోకు. ఆ రాత్రి షాపు మూసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ వేసి పొద్దున దాకా నడవనివ్వు. ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ ర్యామ్‌ని నమ్మొద్దు. పెళ్లికార్డు ఫైలు సేవ్ చేస్తుండగా చెడిపోవడానికి ఆ ఒక్క ఎర్రర్ చాలు.

దానికంటే ముందు, డిస్‌ప్లే రాగానే మొదట చేయాల్సిన పని బ్యాకప్. నాన్నగారు పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో 'అను' తెలుగు ఫాంట్లతో చేసి ఉంటారు. డిజైన్ ఫైళ్లతో పాటు ఫాంట్లు, అందులో వాడిన ఫొటోలు, దేవుడి బొమ్మలు అన్నీ కలిపి కాపీ చేయి. ఫాంట్ లేకుండా ఆ ఫైలు తెరిస్తే తెలుగు మొత్తం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల్లా కనిపిస్తుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చిన 7.0, దాని తర్వాత లేదు. అందుకని ఇన్‌స్టాల్ చేసే సీడీ ఉంటే దాన్ని కూడా కాపీ చేసి పెట్టు. సిస్టమ్ ఎంతకీ ఆన్ కాకపోతే హార్డ్ డిస్క్ విప్పి యూఎస్‌బీ కన్వర్టర్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టొచ్చు. డెస్క్‌టాప్ డిస్క్‌కి 12 ఓల్టులు విడిగా కావాలి, కాబట్టి అడాప్టర్‌తో వచ్చే కన్వర్టరే తీసుకో.

రేపు ఆదివారం కదా, షాపుకి గిరాకీ తక్కువ ఉంటుంది. పొద్దున్నే వెలుతురులో కూర్చుని ర్యామ్ పని చేయి. ఆన్ అయితే సరే. కాకపోతే బోర్డు మోడల్ పేరు, బీప్ రికార్డింగ్, ఆ నాలుగు ప్రయత్నాల కాగితం ఫొటో ఇక్కడ పెట్టు. ర్యామ్‌లు పూర్తిగా తీసేసినప్పుడు బీప్ వచ్చిందో రాలేదో అది మాత్రం మర్చిపోకుండా రాయి, తర్వాత ఏం చేయాలో దాన్నిబట్టి చెబుతాను.